పాప కోరిన ఫోటోలే పెట్టండి

ప్రశ్న: మాది తిరుపతి. అమ్మాయీ అల్లుడూ బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అల్లుడి ఊరు చిత్తూరు. మనవరాలికి ఎనిమిదేళ్ళు, వేసవి సెలవులకు నా దగ్గరే ఉంది. మే నెలాఖరులో వాళ్ళ అమ్మానాన్నల పెళ్ళి రోజు. ఆ రోజుకు వాళ్ళిక్కడికి వచ్చి పాపను తీసుకెళ్తారు. ఈలోపు నేనూ పాపా కలిసి కాగితంతో ఒక చిన్న ఫోటో పుస్తకం చేసి ఇద్దామనుకున్నాం. పాత ఆల్బంలు ముందేసుకుని కూర్చుంటే గొడవ మొదలైంది. నేను పెళ్ళి ఫోటోలు పెడదామంటాను. అదేమో తిరుమలలో వాళ్ళ నాన్నా తనూ గుండ్లకు గంధం పూసుకుని తీయించుకున్న ఫోటో కావాలంటుంది. ఇంకొకటి, మా ఆయన పోయి రెండేళ్ళయింది. పాపను స్కూటరు ముందు నిలబెట్టుకుని ఆయన దిగిన ఫోటో ఒకటుంది. అది పెట్టి తీరాల్సిందేనని పట్టుబట్టింది. పెళ్ళి రోజు కానుకలో పోయినవాళ్ళ ఫోటో పెట్టొచ్చా? పాపకు తెలుగు రాయడం సరిగా రాదు. నేను రాసేస్తే నీట్‌గా ఉంటుంది కదా? పది నిమిషాలు కూర్చుంటే లేచిపోతుంది. మా తోడికోడలేమో ఫోన్‌లో ఆర్డరిస్తే అచ్చువేసి ఇంటికే పంపుతారు, ఎందుకీ టెన్షన్ అంటోంది. ఏం చేయమంటారు?

— ఒక అవ్వ, తిరుపతి

సమాధానం: అమ్మా, నమస్కారం. మీ ఉత్తరంలో చాలా ప్రశ్నలున్నాయి గానీ మిమ్మల్ని నిజంగా ఇబ్బంది పెడుతున్నది తాతగారి ఫోటో అని అర్థమవుతోంది. అందుకే ముందు దాని సంగతే. ఏ సందేహమూ పెట్టుకోకుండా ఆ ఫోటో పెట్టండి.

పెళ్ళి పనులు మొదలుపెట్టేటప్పుడు మనం ముందు పెద్దలకు బట్టలు పెట్టి మొక్కుకుంటాం. కొన్ని ఇళ్ళల్లో నాంది అని చేస్తారు. మీ అమ్మాయి పెళ్ళికీ మీరు ఏదో ఒక రూపంలో అది చేసే ఉంటారు. పోయినవాళ్ళను తలుచుకున్నాకే మన ఇళ్ళల్లో శుభకార్యం మొదలవుతుంది. పెళ్ళికి అడ్డురాని తలపు పెళ్ళి రోజుకు ఎలా అడ్డొస్తుంది? మీ అమ్మాయికి ఆయన కన్నతండ్రి. ఆ రోజు ఆయన గుర్తుకు రాకుండా ఎలాగూ ఉండరు.

ఏ ఫోటో పెడుతున్నామన్నది మాత్రం చూసుకోవాలి. గోడకు దండ వేసి, బొట్టు పెట్టి ఉన్న ఫోటో ఈ పుస్తకంలోకి వద్దు. పాప అడుగుతున్నది కూడా అది కాదు. తనకు కావాల్సింది స్కూటరు మీది తాత. వెనక తాత, ముందు తను, చేతులు హ్యాండిల్ మీద. ఆయన పోయేనాటికి పాపకు ఆరేళ్ళు. ఆ వయసు సంగతులు చాలావరకు జారిపోతాయి. ఇంట్లో ఎవరో ఒకరు వాటి గురించి పదే పదే మాట్లాడుతుంటే మాత్రం కొన్ని నిలుస్తాయి. ఆ ఫోటో అతికించే రోజు తొందరపడకండి. స్కూటరు మీద ఎక్కడికి తీసుకెళ్ళేవాడు, ఏం కొనిపెట్టేవాడు, దారిలో ఏం చెప్పేవాడు, ఏ పాట పాడేవాడు, అన్నీ పాపనే అడగండి. తను మర్చిపోయినవి మీరు అందించండి. మీకు తెలియని సంగతులు కూడా ఒకటి రెండు తను చెప్పొచ్చు.

ఆ ఫోటో చేతిలోకి తీసుకోవడం మీకే కష్టంగా ఉందేమోనని కూడా నాకు అనిపించింది. ఉంటే దాచుకోకండి. "తాత గుర్తొచ్చి ఏడుపొస్తోంది, కాసేపాగి చేద్దాం" అని పాపతో చెప్పండి. అవ్వ ఏడ్చిందని పాప భయపడదు. తాత గురించి ఈ ఇంట్లో మాట్లాడుకోవచ్చని తనకు తెలుస్తుంది, అంతే.

ఇక గుండ్ల ఫోటో. పెళ్ళి ఫోటోల్లో మీ పాప లేదమ్మా. అప్పటికి తను పుట్టనే లేదు. మీకు వాళ్ళ పెళ్ళంటే పందిరి, తలంబ్రాలు, వచ్చిన చుట్టాలు. పాపకు అమ్మానాన్నల పెళ్ళంటే తాము ముగ్గురూ ఉండే ఇల్లు. అందుకే తానున్న ఫోటోలు ఏరుతోంది. నాన్న తలా తన తలా ఒకేలా, రెంటికీ గంధం. ఆ వయసు పిల్లకు అంతకంటే గొప్ప ఫోటో ఏముంటుంది చెప్పండి? మీ అమ్మాయి తన పెళ్ళి ఆల్బం ఎన్నోసార్లు చూసి ఉంటుంది. కూతురు ఏరుకున్న ఫోటోలు ఏవో మాత్రం ఈ పుస్తకంలోనే చూస్తుంది.

కాబట్టి ఒక ఒప్పందానికి రండి. నేను చెప్పబోయే పుస్తకానికి ఎనిమిది పేజీలుంటాయి. ఏడింటిలో ఫోటోలు, ఒకదానిలో పాప వేసే బొమ్మ. ఆ ఏడు ఫోటోల్లో నాలుగు పాప ఇష్టం, మూడు మీ ఇష్టం. పాప నాలుగింటి జోలికి మీరు వెళ్ళొద్దు. ఒకటి మసకగా ఉన్నా, ఒకదాంట్లో ఎవరో కళ్ళు మూసుకుని ఉన్నా సరే.

మీ మూడింటి గురించి ఒక మాట. మీ ఆల్బంలలో ఉండేవన్నీ మీ అమ్మాయి వైపువే. అల్లుడి చిన్ననాటి ఫోటో ఒక్కటీ ఉండదు. కానుక ఇద్దరికీ కదా, పుస్తకం తిరగేసేటప్పుడు ఆ లోటు ఆయనకు తెలియకుండా ఉండదు. పైకి ఏమీ అనకపోవచ్చు. చిత్తూరుకు, మీ వదినగారికి ఫోన్ చేసి, అబ్బాయి ఏడెనిమిదేళ్ళప్పటి ఫోటో ఒకటి కావాలని అడగండి. పాప చేతనే అడిగిస్తే ఇంకా మంచిది. ఆ అవ్వకూ ఈ పనిలో వంతు దొరుకుతుంది. మీ వైపు నుంచి అమ్మాయిది కూడా అదే వయసుది తీయండి. చిన్నప్పుడు తిరుపతి గంగమ్మ జాతరకు వేషం కట్టించి తీసిన ఫోటో ఉంటే మరీ మంచిది. జాతర వచ్చేదీ మే నెలలోనే కాబట్టి పాప వీధిలో వేషాలు చూస్తుంది. బొగ్గు పూసుకుని, వేపాకు పట్టుకున్న 'తోటి' అనే వేషం చూసి వచ్చాక "మీ అమ్మ కూడా ఇలా తిరిగింది" అని ఫోటో చూపించండి. మూడోది మీరన్న పెళ్ళి ఫోటో. ఒక్కటి చాలు.

ఇప్పుడు పని దగ్గరికి వద్దాం. మొదటి నియమం, అసలు ఫోటోలను కత్తిరించొద్దు, అతికించొద్దు. అన్నిటికీ కాపీలే వాడండి. పాత ఆల్బంలలో జిగురు పేజీ మీద ఫోటో పెట్టి, పైన ప్లాస్టిక్ పొర కప్పే రకం ఉంటుంది. ఏళ్ళు గడిస్తే ఫోటో ఆ జిగురుకు పట్టేస్తుంది. గట్టిగా లాగితే వంగుతుంది, చిరుగుతుంది. ఊడి రానిదాన్ని అక్కడే ఉంచండి. ప్లాస్టిక్ పొర తేలిగ్గా లేస్తే లేపి, ఆల్బంను కిటికీ పక్కన నీడ పట్టున నేల మీద పరిచి, ఫోన్‌ను దానికి సమాంతరంగా పైనుంచి పట్టుకుని ఫోటో తీయండి. ఫ్లాష్ వద్దు, మధ్యలో తెల్లటి మరక పడుతుంది. చిత్తూరు నుంచి వచ్చే ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. 4 అంగుళాలకు 6 అంగుళాల ప్రింటు స్పష్టంగా రావాలంటే ఫోటో 1200కు 1800 పిక్సెళ్ళైనా ఉండాలి. ఈ కాలం ఫోన్లలో తీసింది నేరుగా ఇస్తే అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ప్రింట్లు ఫోటో స్టూడియోలోనే, ఫోటో పేపరు మీద వేయించండి. ఇంటి ప్రింటర్లలో వచ్చే రంగు చాలావాటిలో తడి తగిలితే అలుక్కుపోతుంది. పిల్ల చేతులు ఎప్పుడు పొడిగా ఉంటాయి! మెరిసే రకం కాకుండా మ్యాట్ అడగండి. వేలిముద్రలు కనబడవు.

పుస్తకానికి కుట్టక్కర్లేదు, బైండింగ్ అక్కర్లేదు. ముందుకూ వెనక్కూ మడతలు వేసి, లాగితే బారుగా విచ్చుకునేలా చేసేదే పిల్లలతో చేయడానికి అన్నిటికంటే సులువు. గాంధీ రోడ్డు వైపు వెళ్ళినప్పుడు స్టేషనరీ అంగడిలో 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు ఉండే మందం షీట్ ఒకటి తీసుకోండి. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువు) అని అడిగితే ఇస్తారు. పల్చటి చార్టు అయితే ఫోటోల బరువుకు వాలిపోతుంది. తెలుపు, లేదా లేత గోధుమరంగు బాగుంటుంది. నాలుగు రంగుల్లో కొనకండి, ఫోటోల మీద చూపు నిలవదు.

ఆ షీటును పొడవునా 7 అంగుళాల వెడల్పుతో కోస్తే మూడు పట్టీలు వస్తాయి. ఒక అంగుళం ముక్క మిగులుతుంది, దాన్ని పారేయకండి. బ్లేడు పని మీదే, పాప స్కేలు కదలకుండా పట్టుకుంటే చాలు. ఒక్కో పట్టీ చివర ఒక అంగుళం గీత పెట్టి వదిలేయండి. మిగతా 27 అంగుళాలను నాలుగు భాగాలు చేస్తే ఒక్కో పేజీ ఆరూ ముప్పావు అంగుళాలు వస్తుంది. ఈ గీతల దగ్గర తొందరపడొద్దు. అర అంగుళం తేడా వస్తే మూసినప్పుడు పుస్తకం వంకరగా కూర్చుంటుంది. ఈ లెక్క నాలుగో తరగతికి వెళ్ళబోయే పిల్లకు మంచి పని. 27ను 4తో భాగించి, ముప్పావు అంగుళం స్కేలు మీద ఎక్కడుందో తననే వెతకనివ్వండి.

మందం కాగితాన్ని ఉత్తినే మడిస్తే అంచు పగిలి తెల్లగా పీచు లేస్తుంది. కాగితంలో పీచు ఒక వైపుకు సాగి ఉంటుంది. దానికి అడ్డంగా మడిస్తే ఇలా అవుతుంది. మన పట్టీకి ఏ దిక్కు పడుతుందో చూసే గొడవ లేకుండా చిన్న ఉపాయం ఉంది. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ను తీసుకుని, స్కేలు ఆనించి, గీత మీద గట్టిగా రెండుసార్లు లాగండి. కాగితంలో సన్నని గాడి పడుతుంది. తర్వాత మడత దానంతటదే ఆ గాడిలో పడుతుంది. ఒకటి ముందుకు, తర్వాతది వెనక్కు. మడత మీద చెంచా వెనక వైపుతో రుద్దితే అంచు చక్కగా కూర్చుంటుంది. ఈ రుద్దడం పాపకు ఇచ్చేయండి, పిల్లలు దీన్ని ఎంత శ్రద్ధగా చేస్తారో చూస్తారు.

మొదటి పట్టీ చివర వదిలిన అంగుళానికి జిగురు రాసి రెండో పట్టీ మొదటి పేజీ వెనక అతికించండి. రెండో పట్టీ చివరి అంగుళం కత్తిరించేయండి. ఎనిమిది పేజీలు వరసగా వచ్చాయి. మూడో పట్టీ, ఎక్కడైనా తప్పు పోతే వాడుకోవడానికి.

ఇలా చేసిన పేజీ మీద ఫోటోను అడ్డంగా పెడితే కింద మూడు అంగుళాల దాకా ఖాళీ మిగులుతుంది, రాతకు అది చాలు. ఫోటోలను ఫెవికాల్‌తో అతికించకండి. అందులో నీళ్ళుంటాయి, కాగితం ఉబ్బి అలలు తేలుతుంది. మైదా ఉడికించిన జిగురు కూడా ఇక్కడ వద్దు. పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగుకు పిండిపదార్థమంటే ఇష్టం. పూర్వం దానికి మందుగా జిగురులో తుత్తం కలిపేవాళ్ళు. అది విషం, పిల్లలున్న చోట దాని మాటే తలపెట్టొద్దు. సెల్లోటేపు కొన్నేళ్ళకు పసుపుపచ్చగా మారి మరక వదులుతుంది.

వీటన్నిటి బదులు కాగితం మూలలు చేయండి. మిగిలిన అంగుళం ముక్క అందుకే ఉంచమన్నాను. ఈ మూలలకు కొంచెం పల్చటి కాగితమైతే ఇంకా తేలిగ్గా మడత పడుతుంది. ఒకటిన్నర అంగుళం పొడవు, ముప్పావు అంగుళం వెడల్పు ముక్క కోసి, రెండు చివరలనూ కిందికి మధ్యకు మడిస్తే త్రికోణం తయారవుతుంది. లోపల చిన్న జేబులా ఉంటుంది. దాన్ని ఫోటో మూలకు తొడిగి, త్రికోణం వెనక గ్లూ స్టిక్ రాసి పేజీకి అతికిస్తే ఫోటోకు ఎక్కడా జిగురు తగలదు. కావాలంటే ఎప్పుడైనా తీసి వెనక్కి తిప్పి చూడొచ్చు. ఏడు ఫోటోలకు 28 మూలలు కావాలి. అంగుళం ముక్కలో 18 వస్తాయి, మిగతావాటికి వేరే కాగితం వాడండి. మొదటి రెండూ మీరు చేసి చూపించండి, మిగతావి పాప చేస్తుంది. ఫోటో వెనక ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం అన్నది మెత్తటి పెన్సిల్‌తో నెమ్మదిగా రాయండి. బాల్‌పెన్ను వద్దు, ముందు వైపు గాట్లు తేలతాయి.

అట్టల కోసం పాత క్యాలెండరు వెనక ఉండే గట్టి అట్ట చాలు. 7 అంగుళాల వెడల్పు, 7¼ అంగుళాల ఎత్తుతో రెండు ముక్కలు. వాటిని గుడ్డతో కప్పాలి. కలంకారీ గుడ్డ బాగుంటుంది, శ్రీకాళహస్తి మనకు పక్కనే. కానీ మీ పెట్టెలో అమ్మాయి చిన్నప్పటి పావడా ఏదైనా ఉంటే, అందులోంచి చిరిగిన భాగం వదిలేసి ఒక ముక్క తీయండి. నేనైతే కలంకారీ కంటే దానికే ఓటు వేస్తాను. అన్ని వైపులా అంగుళం ఎక్కువ ఉంచి, నాలుగు మూలలూ ఏటవాలుగా కత్తిరించండి. ఇక్కడ ఫెవికాల్ పనికొస్తుంది. గుడ్డకు కాకుండా అట్టకే పల్చగా రాయండి, లేకపోతే గుడ్డ మీదికి మరకలు ఊరతాయి. అంచులు లోపలికి మడిచి అతికించాక, ఒక అట్ట మొదటి పేజీ వెనక, ఇంకొకటి చివరి పేజీ వెనక. అట్టకూ పేజీకీ మధ్యలో రిబ్బన్ పెట్టి అతికిస్తే ముడి వేసుకోవచ్చు. రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచండి.

రాత సంగతి. మీరు రాయొద్దమ్మా. మీ అక్షరాలు మీ అమ్మాయికి కొత్త కాదు. ఎనిమిదేళ్ళ కూతురు తెలుగులో రాసిన వాక్యం కొత్త. ఒక్కో ఫోటో చూపించి "ఇందులో ఏం జరుగుతోంది?" అని అడగండి. పాప నోటి నుంచి వచ్చింది వచ్చినట్టు ఒక చీటీ మీద రాయండి. దిద్దొద్దు. "నాన్నకి నాకి ఒకే గుండు" అంటే అలాగే ఉండనివ్వండి. ఆ చీటీ చూసి తను పేజీ మీద రాస్తుంది. చుక్కలు పెట్టి వాటి మీద దిద్దించొద్దు, అప్పుడు అక్షరం తనది కాకుండా పోతుంది. ఒత్తు పక్కకు పోయినా, గుడి పెద్దదైనా పరవాలేదు. రోజుకు ఒక్క వాక్యం మించి అడగకండి. తను మొండికేస్తే ఆ పేజీకి కన్నడంలోనో ఇంగ్లీషులోనో రాసుకోనివ్వండి. ఆ పాప బడి భాషలు అవే.

పది నిమిషాలకు లేచిపోతుందన్నారు. ఆ వయసుకు అది మామూలే. పనిని ఆ పది నిమిషాలకు తగ్గట్టు మనమే కోసుకోవాలి. ఒక రోజు మూలలు మడవడం, ఒక రోజు చెంచాతో రుద్దడం, ఒక రోజు రెండు ఫోటోలు పెట్టడం. పాప వచ్చేసరికి కాగితం కోసి, గీతలు గీసి, సిద్ధంగా ఉంచండి. మే నెల ఎండల్లో మధ్యాహ్నాలు వద్దు. ఫ్యాన్ వేస్తే చిన్న ముక్కలన్నీ ఎగిరిపోతాయి, ఆపితే కూర్చోలేరు. పొద్దున్నే టిఫిన్‌కు ముందు చల్లగా ఉన్నప్పుడు పెట్టుకోండి. ఒక రోజు రానంటే బలవంతం చేయకండి. ఆ రోజు మేడ మీదికి తీసుకెళ్ళి కొండ చూపించండి, ఎనిమిదో పేజీలో వేయాల్సిన బొమ్మ అక్కడే దొరకొచ్చు.

రాత్రి వీడియో కాల్‌లో అమ్మకు చెప్పేస్తుందేమోనన్న భయం మీకుండే ఉంటుంది. అబద్ధం చెప్పమని మాత్రం నేర్పకండి. "అవ్వా నేనూ ఒకటి చేస్తున్నాం, ఏంటో ఇప్పుడే చెప్పం" అనమనండి. అలా అనడమే పిల్లలకు సరదా.

మీ తోడికోడలు చెప్పిన అచ్చు పుస్తకాల మీద నాకు కోపం లేదు. అవి అందంగానే వస్తాయి. అయితే వాటిలో పాపకు చేయడానికి పనేమీ మిగలదు. ఫోన్‌లో మీరు నొక్కుతుంటే పక్కన కూర్చుని చూడాలి. ఈ సెలవుల్లో మీ ఇద్దరికీ కావాల్సింది పక్కపక్కన కూర్చుని చేసే పని. అందుకే చేత్తోనే చేయండి.

పెళ్ళి రోజుకు మూడు రోజుల ముందే పూర్తయ్యేలా చూసుకోండి. ఇచ్చేటప్పుడు పాపే ఇవ్వాలి, తెరిచేటప్పుడు పక్కన పాపే ఉండి పేజీలు చెప్పాలి. తాతగారి పేజీ దగ్గర మీ అమ్మాయి ఆగిపోతే కాసేపు ఎవరూ ఏమీ అనకండి. స్కూటరు ఫోటోకు ఇంకో ప్రింటు ముందే వేయించి పెట్టుకోండి, బెంగళూరుకు వెళ్ళేటప్పుడు పాప తన సొంతానికి అడుగుతుంది. మిగిలిన మూడో పట్టీని కూడా తనతో పంపండి, చేయడం ఎలాగూ వచ్చేసింది కదా. కాపీల కోసం ఆల్బంలలోంచి తీసిన ఫోటోలను వాటి చోట పెట్టేయండి. చిత్తూరు నుంచి అసలు ఫోటో ఏదైనా వచ్చి ఉంటే, కవరులో అటూ ఇటూ అట్ట ముక్కలు పెట్టి వదినగారికి తిరిగి చేర్చండి.